గల్ఫ్ వలసల మీద మన ఎంపీ చేత పార్లమెంటులో ప్రశ్న వేయించడం ఎలా

కోనసీమలో రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి వైపైనా, రేవు దాటి నరసాపురం, మొగల్తూరు, పాలకొల్లు వైపైనా కువైట్‌కో మస్కట్‌కో ఇంటిపనికి వెళ్లిన ఆడమనిషి లేని వీధి అరుదు. అక్కడ జీతం ఆగినా, ఫోను ఆగినా ఇంట్లోవాళ్లు ముందు ఏజెంటు దగ్గరికి పరుగెడతారు. అతను ఫోనెత్తడం మానేశాక ఎంపీ గారింటికి వెళతారు. ఎంపీ గారు విదేశాంగ శాఖకు ఉత్తరం రాస్తారు. ఒక్కోసారి ఆ మనిషి క్షేమంగా ఇంటికొస్తుంది. కానీ అదే ఏజెంటు అదే ఊరి నుంచి ఇంకొకామెను విమానం ఎక్కిస్తూనే ఉంటాడు.

ఉత్తరం ఒక్క మనిషి కోసం. వలస అనుమతులిచ్చే శాఖ, ఏజెంట్లకు లైసెన్సులిచ్చే శాఖ, విమానాశ్రయంలో ముద్ర వేసే శాఖ తమ పని ఎలా చేస్తున్నాయో దేశం ముందు చెప్పాలంటే మాత్రం పార్లమెంటులో అడగాలి. అడిగే హక్కు సభ్యులకే ఉంది. అయితే ఆ సభ్యుడి చేతికి సరైన కాగితం వెళ్లేది ఊరి నుంచే. అది ఎలా తయారు చేయాలో, ఎక్కడెక్కడ బెడిసికొడుతుందో ఇక్కడ చెబుతున్నాం. కుటుంబసభ్యులకు, సచివాలయ సిబ్బందికి, చర్చి పెద్దలకు, మహిళా సంఘాల లీడర్లకు పనికొస్తుంది.

మొదట మనిషి సంగతి

పార్లమెంటు ప్రశ్న వల్ల ఎవరూ రేపు ఇంటికి రారు. నోటీసు ఇచ్చిన దగ్గర్నుంచి జవాబు వచ్చేసరికి కనీసం రెండు వారాలకు పైగా పడుతుంది, సమావేశాలు లేని రోజుల్లో నెలలు గడుస్తాయి. కాబట్టి మనిషిని కాపాడే పని ఆ రోజే మొదలుపెట్టాలి. విదేశాంగ శాఖ ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం టోల్‌ఫ్రీ నంబరు 1800 11 3090కి ఫోన్ చేయండి. 2015 నుంచి నడుస్తున్న ‘మదద్’ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయండి. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా ఫిర్యాదుల పరిష్కార వేదిక (పీజీఆర్‌ఎస్)లో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి.

ఈ మూడు చోట్లా వచ్చిన నంబర్లు ఒక కాగితం మీద రాసి ఉంచండి. తర్వాత ప్రశ్న బలమంతా వాటి మీదే ఆధారపడుతుంది. ‘ఫిర్యాదే రాలేదు’ అని శాఖ చెప్పిందంటే ఆ పైన ఎవరూ ఏమీ చేయలేరు. చాలా కుటుంబాలు వాట్సాప్‌లో ఎంబసీ నంబరుకు వాయిస్ మెసేజ్ పెట్టి ఫిర్యాదు చేసేశాం అనుకుంటాయి. నమోదు నంబరు లేనిది ఫిర్యాదు కింద లెక్కకు రాదు.

ఇంకో జాగ్రత్త. అక్కడ ఇబ్బందిలో ఉన్నామె చేత సెల్ఫీ వీడియో తీయించి ఫేస్‌బుక్‌లో పెట్టడం ఇప్పుడు అలవాటైంది. యజమాని ఇంట్లో మనుషుల్ని, ఇంటిని చిత్రీకరించి బయటపెట్టడం యూఏఈ లాంటి దేశాల్లో నేరం. జీతం బాకీ కేసుగా ఉండాల్సింది ఆమె మీదే ఎదురు కేసవుతుంది. వీడియో తీస్తే తీయండి, అది ఎంబసీకి, మదద్‌కు మాత్రమే పంపండి.

కవరులో ఏముండాలి

పాస్‌పోర్టు మొదటి, చివరి పేజీల కాపీలు, వీసా కాపీ, విమానం టికెట్, ఏజెంటుకు కట్టిన డబ్బు తాలూకు ఫోన్‌పే స్క్రీన్‌షాట్లు, అతని వాయిస్ మెసేజ్‌లు, ఒప్పందం ఉంటే దాని కాపీ. కువైట్ అయితే కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) సివిల్ ఐడీ నంబరు దొరికితే సగం పని అయినట్టే. అది 12 అంకెలు ఉంటుంది, వర్క్ వీసా కాగితం మీదే కనిపిస్తుంది. కఫీల్ ఫోను నంబరు, ఇంటి లొకేషన్ కూడా తెప్పించుకోండి.

వీటన్నిటికంటే ముఖ్యమైనది తేదీల కాగితం. కథలా రాయొద్దు. ఒక వరుసకు ఒక తేదీ, ఒక సంగతి: ఫలానా తేదీన ఏజెంటుకు ఇంత కట్టాం, ఫలానా తేదీన శంషాబాద్‌లో విమానం ఎక్కింది, మస్కట్‌లో దిగింది, ఫలానా తేదీన కువైట్‌కు మార్చారు, ఫలానా నెల నుంచి జీతం లేదు, ఫలానా తేదీన మదద్‌లో పెట్టాం, జవాబు ఇంతవరకు రాలేదు. ఒకటే పేజీ. ఎంపీ గారి పీఏ చదివేది ఆ ఒక్క పేజీనే.

పాస్‌పోర్టు చూసేటప్పుడు ఈసీఆర్ (ఉద్యోగానికి వెళ్లాలంటే వలస అనుమతి తప్పనిసరి అని అర్థం) అని ఉందో లేదో చూడండి. పదో తరగతి పాసవ్వనివాళ్లకు సాధారణంగా ఈసీఆర్ పాస్‌పోర్టు ఇస్తారు. అలాంటివాళ్లు కువైట్, ఒమన్, సౌదీ, ఖతార్, బహ్రెయిన్, యూఏఈతో కలిపి మొత్తం 18 దేశాలకు ఉద్యోగానికి వెళ్లాలంటే 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనే విదేశాంగ శాఖ అధికారి అనుమతి కావాలి. ఈ పాస్‌పోర్టు మీద వెళ్లే ఆడవాళ్లకు 30 ఏళ్లు నిండాలి. ఇంటిపనికైతే ప్రైవేటు ఏజెంటు కాదు, ప్రభుత్వ సంస్థ ద్వారానే వెళ్లాలి. మన రాష్ట్రంలో అది ఓమ్‌క్యాప్ (ఓవర్సీస్ మ్యాన్‌పవర్ కంపెనీ ఆంధ్రప్రదేశ్). లైసెన్సున్న ఏజెంటు తీసుకోగలిగిన సర్వీసు చార్జీ గరిష్ఠంగా 30,000 రూపాయలు, దానిపైన జీఎస్టీ. అనుమతితో పాటు ప్రవాసీ భారతీయ బీమా యోజన పాలసీ తప్పనిసరి. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా అంగవైకల్యం వచ్చినా 10 లక్షలు. ప్రీమియం రెండేళ్లకు 275, మూడేళ్లకు 375 రూపాయలు, పన్ను అదనం.

ఇన్ని కట్టుబాట్లు ఉన్నా మనవాళ్లు ఖద్దామా (ఇంటి పనిమనిషి) పనికి ఎలా చేరుతున్నారంటే, ఎక్కువగా విజిట్ వీసా మీద. ఉద్యోగానికి కాదు, చుట్టపుచూపుగా వెళుతున్నట్టు కాగితం ఉంటుంది కనుక ప్రొటెక్టర్ అనుమతి అడగరు. దుబాయిలోనో మస్కట్‌లోనో దిగాక అక్కడి నుంచి మార్చేస్తారు. అప్పుడు ఆమె పేరు వలస అనుమతులు నమోదయ్యే ప్రభుత్వ ఈమైగ్రేట్ రికార్డులో ఉండదు, బీమా ఉండదు, ఒప్పందం ఉండదు. ఆడవాళ్లను కాపాడాలని పెట్టిన నిబంధన వాళ్లను రికార్డు బయటకు నెడుతోందన్నది మా అభిప్రాయం. పార్లమెంటులో అడగాల్సిన అసలు ప్రశ్న ఇదే.

ఎవరి గుమ్మం ఎవరిది

నోటీసులు తిరిగి రావడానికి మొదటి కారణం ప్రశ్నను ఒక శాఖకు బదులు ఇంకో శాఖకు వేయడం. ఒకే మనిషి కష్టంలో మూడు నాలుగు శాఖల పని కలగలిసి ఉంటుంది, విడదీయాలి.

ఏజెంట్ల లైసెన్సులు, ప్రొటెక్టర్ అనుమతులు, ఈమైగ్రేట్, ఎంబసీలు, వాటి షెల్టర్లు, టికెట్‌కు, లాయరుకు, మృతదేహం తెప్పించడానికి సాయం చేసే ఇండియన్ కమ్యూనిటీ వెల్ఫేర్ ఫండ్, ఇవన్నీ విదేశాంగ శాఖ. విమానాశ్రయంలో పాస్‌పోర్టు చూసి ముద్ర వేసేది బ్యూరో ఆఫ్ ఇమిగ్రేషన్, అది హోం శాఖ. విజిట్ వీసా మీద గుంపుగా వెళుతున్న ఈసీఆర్ మహిళల్ని ఎలా చూస్తున్నారు అన్నది హోం మంత్రిని అడగాలి, విదేశాంగ మంత్రిని కాదు. ఏజెంటు మీద ఎఫ్‌ఐఆర్ కట్టకపోవడం రాష్ట్ర పోలీసు వ్యవహారం, దాన్ని లోక్‌సభలో అడిగితే రాష్ట్ర విషయం అని తోసేస్తారు. అది మన ఎమ్మెల్యే చేత అసెంబ్లీలో అడిగించాలి. ఓమ్‌క్యాప్ పనితీరు కూడా అసెంబ్లీకే వస్తుంది. రాజోలు ఎమ్మెల్యే, అమలాపురం ఎంపీ ఒకే వారంలో చెరో సగం అడిగితే రెండు ప్రభుత్వాలూ ఒకరి మీద ఒకరు నెట్టుకునే వీలు తగ్గుతుంది.

ప్రాథమిక హక్కుల మాట ఎక్కడొస్తుంది? విదేశాలకు వెళ్లే హక్కు 21వ అధికరణలో భాగమని సుప్రీంకోర్టు 1978లో మేనకా గాంధీ కేసులో చెప్పింది. మనుషుల అక్రమ రవాణానూ వెట్టినీ 23వ అధికరణ నిషేధిస్తుంది. కనీస వేతనం కంటే తక్కువకు పని చేయించడం కూడా వెట్టే అని 1982లో ఆసియాడ్ కూలీల కేసులో తీర్పు వచ్చింది. పాస్‌పోర్టు మీ దగ్గరున్నా అది భారత ప్రభుత్వ ఆస్తి అని పాస్‌పోర్టుల చట్టమే చెబుతుంది. కఫీల్ దాన్ని బీరువాలో పెట్టుకున్నాడంటే భారత ప్రభుత్వ ఆస్తిని పెట్టుకున్నట్టు. అయితే ప్రశ్నలో ఈ తీర్పులు రాయకండి. ప్రశ్నలో వాదన ఉండకూడదు. ఇవన్నీ ఎంపీ గారికి ఇచ్చే నోట్‌లో పెట్టండి, మాట్లాడే అవకాశం వచ్చినప్పుడు వాడుకుంటారు.

ముందుగా ఆర్టీఐ

తొందర లేని కేసుల్లో ప్రశ్నకు ముందు ఒక ఆర్టీఐ దరఖాస్తు వేయడం మంచిది. ఫీజు 10 రూపాయలు, తెల్ల రేషన్ కార్డువాళ్లు కార్డు కాపీ పెడితే అదీ అక్కర్లేదు. 500 పదాలు దాటకుండా రాయాలి. ‘నా భార్యను ఎందుకు తీసుకురాలేదు’ అని రాస్తే అది సమాచారం కాదంటారు. ‘ఫలానా మదద్ నంబరు ఫిర్యాదు మీద ఇంతవరకు జరిగిన ఉత్తరప్రత్యుత్తరాల కాపీలు, తేదీలతో ఫైల్ నోటింగ్స్, రాష్ట్ర పోలీసులకు రాసిన లేఖ కాపీ ఇవ్వండి’ అని రాయండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. ప్రాణానికో స్వేచ్ఛకో సంబంధించినదైతే 48 గంటలు. ఆ మాట పైనే పెద్దక్షరాలతో రాయండి. జవాబు రాకపోయినా, నచ్చకపోయినా 30 రోజుల్లో మొదటి అప్పీలు, ఆ తర్వాత 90 రోజుల్లో కేంద్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు.

ఆర్టీఐ జవాబులో ఒక్క తేదీ దొరికినా చాలు. ‘ఫిర్యాదును ఫలానా నెలలో పోలీసులకు పంపాం’ అని తేలితే అక్కడ ఆగిన సంగతి బయటపడుతుంది.

ప్రశ్న రాయడం

పార్లమెంటు ఏడాదికి మూడుసార్లు కూడుతుంది: జనవరి చివర మొదలయ్యే బడ్జెట్ సమావేశాలు, జూలైలో వర్షాకాలం, నవంబరు ఆఖర్లోనో డిసెంబరులోనో శీతాకాలం. ప్రతి మంత్రిత్వ శాఖకు వారంలో ఒక రోజు కేటాయిస్తారు, ఆ చార్టు సమావేశాల ముందు వస్తుంది. ప్రశ్న నోటీసు జవాబు రోజుకు కనీసం 15 పూర్తి రోజుల ముందు చేరాలి. ఇచ్చిన రోజు, జవాబు రోజు రెండూ లెక్కలోకి రావు. కాబట్టి సమావేశాలు మొదలవడానికి నెల ముందే ఎంపీ ఆఫీసుకు వెళ్లండి. సమావేశాలు మొదలయ్యాక వెళితే చివరి వారానికైనా అందడం కష్టం.

మన ఎంపీ అంటే లోక్‌సభ సభ్యుడొక్కరే కాదు. రాష్ట్రం నుంచి 11 మంది రాజ్యసభ సభ్యులున్నారు, వాళ్లెవరైనా అడగవచ్చు. లోక్‌సభలో ఒక రోజుకు 20 నక్షత్ర ప్రశ్నలు, 230 నక్షత్రం లేని ప్రశ్నలు వస్తాయి. నక్షత్రం ఉన్నదానికి మంత్రి సభలో నోటితో జవాబు చెబుతారు, అనుబంధ ప్రశ్న వేయవచ్చు. కానీ లాటరీలో పేరు రావాలి, వచ్చినా జాబితాలో పైన ఉండాలి, లేకపోతే ఆ గంటలో వంతు రాదు. నక్షత్రం లేనిదానికి రాతపూర్వక జవాబు పట్టికలతో సహా వస్తుంది. అంకెలు కావాలంటే అదే మేలు. టీవీలో కనపడదని చాలామంది పీఏలు దాన్ని చిన్నచూపు చూస్తారు. నచ్చజెప్పండి.

ప్రశ్న 150 పదాలు దాటకూడదు. వాదన, ఊహ, వ్యంగ్యం, ఎవరి మీదా నింద ఉండకూడదు. కోర్టులో ఉన్న విషయం అడగకూడదు. ఇప్పుడు ఎంపీ ఆఫీసులకు మామూలుగా వచ్చే కాగితం చూడండి: ‘మా మండలంలో ఏజెంట్లు అమాయక మహిళలను మోసం చేస్తుంటే ప్రభుత్వం ఎందుకు చోద్యం చూస్తోంది? మామిడికుదురు మండలం ఫలానా ఆమెను ఎప్పుడు తీసుకొస్తారు?’ మొదటి వాక్యం నింద, రెండోది ఒక్క వ్యక్తి కేసు, మండలం లెక్కలు కేంద్రం దగ్గర ఉండవు. మూడు కారణాలూ ఒకే కాగితంలో ఉన్నాయి.

అదే బాధను ఇలా రాయాలి:

‘విదేశాంగ మంత్రి దయచేసి తెలియజేయగలరా:
(ఎ) గత మూడేళ్లలోనూ ఈ ఏడాది ఇప్పటివరకూ ఆంధ్రప్రదేశ్‌లో లైసెన్సు లేని రిక్రూటింగ్ ఏజెంట్ల మీద అందిన ఫిర్యాదులెన్ని, ఏడాదివారీగా;
(బి) వాటిలో రాష్ట్ర పోలీసులకు పంపినవెన్ని, ప్రాసిక్యూషన్ అనుమతి కోరినవెన్ని, ఇచ్చినవెన్ని;
(సి) అదే కాలంలో కువైట్, ఒమన్, యూఏఈలలోని భారత రాయబార కార్యాలయాల షెల్టర్లలో ఆశ్రయం పొందిన మహిళా ఇంటిపనివారెందరు, దేశంవారీగా;
(డి) ఇంటిపనివారి గురించి 2021 జూన్‌లో కువైట్‌తో కుదిరిన అవగాహన ఒప్పందం కింద జాయింట్ కమిటీ ఎన్నిసార్లు సమావేశమైంది, ఏం నిర్ణయించింది;
(ఇ) విజిట్ వీసాపై వెళ్లి ఇంటిపనిలో చేరినవారికి బీమా, ఒప్పంద రక్షణ కల్పించే ప్రతిపాదన ఉందా, లేకపోతే కారణాలేమిటి?’

ఇందులో ప్రతి ముక్కకూ కారణం ఉంది. మూడేళ్లు అడిగితే ఇస్తారు, పదేళ్లు అడిగితే సమాచారం సేకరించడానికి పట్టే శ్రమ ఫలితానికి తగదని తప్పించుకుంటారు. జిల్లావారీగా అడిగితే ‘అలాంటి లెక్కలు నిర్వహించడం లేదు’ అన్న ఒక్క వాక్యంతో సరిపెడతారు. రాష్ట్రంవారీ, దేశంవారీ లెక్కలైతే వాళ్ల దగ్గర ఉంటాయి. విజిట్ వీసా మీద ఎందరు వెళ్లారని సూటిగా అడిగినా అదే జవాబు వస్తుంది, అందుకే (సి)లో షెల్టర్ల లెక్క అడిగాం. షెల్టర్‌కు వచ్చిన ప్రతి ఒక్కరి పేరూ అక్కడ రాసుకోక తప్పదు. (బి)లో మూడు అంకెలూ పక్కపక్కన వస్తే ఫిర్యాదులు ఎక్కడ ఆగిపోతున్నాయో పత్రికల వాళ్లకు కూడా ఇట్టే అర్థమవుతుంది. చివరిదాంట్లో ‘లేకపోతే కారణాలేమిటి’ అన్నది వదలకండి. అది లేకపోతే ‘లేదు’ అన్న రెండక్షరాలతో జవాబు ముగుస్తుంది.

తెలుగులో రాసి ఇవ్వండి, దానితోపాటు ఇంగ్లీషు అనువాదం కూడా మీరే ఇవ్వండి. ఊళ్లో ఇంగ్లీషు మాస్టారు ఎవరైనా చేసిపెడతారు. పీఏ చేతికి తయారైన కాగితం వెళితే ఆ సాయంత్రమే పోర్టల్‌లో ఎక్కుతుంది. అనువాదం ఆయనకు వదిలేస్తే వారం ఆలస్యం.

బాధితురాలి పేరు, పాస్‌పోర్టు నంబరు ప్రశ్నలో ఎప్పుడూ పెట్టవద్దు. పార్లమెంటు రికార్డు శాశ్వతం, ఎవరైనా వెతికి చదవవచ్చు. రేపు ఆమె మళ్లీ వెళ్లాలనుకోవచ్చు, కూతురి పెళ్లి సంబంధం దగ్గర ఎవరో అదే తీయవచ్చు. వివరాలన్నీ ఎంపీ ఉత్తరంలో విడిగా వెళ్లాలి. ఆ ఉత్తరానికి కేంద్ర శాఖలు 15 రోజుల్లో అందినట్టు తెలపాలి, ఆ తర్వాత 15 రోజుల్లో జవాబివ్వాలి. ఇది వాళ్ల ఆఫీసు పద్ధతుల మాన్యువల్‌లోనే ఉంది. ఆలస్యమైతే ఆ సంగతి గుర్తు చేయమని పీఏకు చెప్పండి.

ప్రశ్న కుదరకపోతే లోక్‌సభలో 377 నిబంధన కింద 250 పదాల్లోపు ప్రస్తావన ఉంది, రాజ్యసభలో ప్రత్యేక ప్రస్తావన. వీటిలో జిల్లా పేరు, ఊళ్ల పేర్లు చెప్పవచ్చు, అది లాభం. అంకెలు రావు, అది నష్టం.

జవాబు చదవడం, హామీ పట్టుకోవడం

జవాబు అదే రోజు మధ్యాహ్నానికల్లా పార్లమెంటు వారి సంసద్ వెబ్‌సైట్‌లో ఉంటుంది. అడిగిన ప్రతి ముక్కకూ జవాబుందా అని (ఎ) నుంచి (ఇ) దాకా పెన్నుతో టిక్కు పెట్టుకుంటూ చదవండి. ‘(ఎ) నుంచి (ఇ) వరకు’ అని కలిపేసి పథకాల గురించి రెండు పేజీలు రాశారంటే ఏదో ఒక ముక్క జారవిడిచినట్టే. ఏ ముక్క జారిందో తర్వాతి సమావేశాల్లో దాన్నొక్కదాన్నే ప్రశ్నగా వేయించండి.

‘సమాచారం సేకరిస్తున్నాం, సభ ముందుంచుతాం’, ‘విషయం పరిశీలనలో ఉంది’ లాంటి మాటలు వచ్చాయా చూడండి. చదివేవాళ్లకు అవి తప్పించుకునే మాటల్లా కనిపిస్తాయి. నిజానికి ఇలాంటివి ప్రభుత్వ హామీలుగా నమోదవుతాయి. వాటిని మూడు నెలల్లో నెరవేర్చాలి. నెరవేర్చకపోతే ప్రభుత్వ హామీల కమిటీ ఆ శాఖ అధికారుల్ని పిలిచి అడుగుతుంది. ప్రశ్న నంబరు, తేదీ, ఆ వాక్యం రాసుకుని మూడు నెలలయ్యాక ఎంపీ గారి ద్వారా కమిటీకి ఒక లేఖ పంపించండి. మా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో అందరూ నిర్లక్ష్యం చేసేది, బాగా పనిచేసేది ఇదే. ప్రశ్న వేయించిన రోజు పేపర్లో ఫోటో పడుతుంది, మూడు నెలల తర్వాత ఎవరికీ గుర్తుండదు. శాఖలకు కావలసింది కూడా ఆ మరపే.

కమిటీలు

విదేశాంగ వ్యవహారాల స్థాయీ సంఘంలో లోక్‌సభ నుంచి 21 మంది, రాజ్యసభ నుంచి 10 మంది ఉంటారు. ఏటా ఫిబ్రవరి, మార్చిలో శాఖ పద్దుల్ని (బడ్జెట్ కేటాయింపుల్ని) పరిశీలిస్తుంది. హక్కుల మాటకు డబ్బు మాట తోడైతే బలం వస్తుంది. యూరప్ సరిహద్దు సంస్థ ఫ్రాంటెక్స్ విషయంలో అదే జరిగింది. గ్రీసు వైపు శరణార్థుల్ని వెనక్కి నెడుతున్నారని తెలిసీ సంస్థ పట్టించుకోలేదన్న ఆరోపణల మీద 2021లో యూరోపియన్ పార్లమెంటు ఒక పరిశీలన బృందాన్ని వేసింది. 2022 అక్టోబరులో ఫ్రాంటెక్స్ 2020 ఖాతాలకు ఆమోదం ఇవ్వడానికి ఆ పార్లమెంటు నిరాకరించింది. మన కమిటీలకు అంత అధికారం లేదు, సిఫార్సులు మాత్రమే చేస్తాయి. కానీ శాఖ మూడు నెలల్లో ఏం చర్య తీసుకుందో రాసి చెప్పాలి, అది కూడా నివేదికగా అచ్చవుతుంది.

జనవరి ఆఖరులోగా సంఘం సచివాలయానికి మూడు నాలుగు పేజీల నోట్ ఇంగ్లీషులో పంపండి. ప్రొటెక్టర్ ఆఫీసుల్లో సిబ్బంది, బయలుదేరేముందు ఇచ్చే ఉచిత శిక్షణ, ఎంబసీల్లో తెలుగు వచ్చినవాళ్లు ఉన్నారా లేదా, ఇలా పద్దుకు తగిలే విషయాలు రాయండి. కువైట్ షెల్టర్‌లో తన బాధ తెలుగులో చెప్పుకోలేని మనిషికి మిగతా ఏర్పాట్లన్నీ ఉన్నా లాభం తక్కువ. ఏదైనా బిల్లు సంఘానికి వచ్చినప్పుడు ప్రజల నుంచి అభిప్రాయాలు అడుగుతూ ప్రకటన వేస్తారు, గడువు సాధారణంగా 15 రోజులు. 1983 చట్టం స్థానంలో కొత్త చట్టం కోసం 2021లో ఒక ముసాయిదా, 2025లో మరొకటి శాఖ ప్రజల ముందు పెట్టింది. కాబట్టి నోట్ సిద్ధంగా ఉంచుకోండి. కమిటీకి ఒకసారి పంపిన నోట్‌ను బయట పెట్టకూడదు, అది కమిటీ రికార్డు అవుతుంది.

ఊళ్లవాళ్లంతా కలిసి అర్జీ పెట్టాలంటే పిటిషన్ల కమిటీ ఉంది. తెలుగులో రాయవచ్చు, హిందీ లేదా ఇంగ్లీషు అనువాదం జతచేయాలి. ప్రతి ఒక్కరి పూర్తి పేరు, చిరునామా, సంతకం కావాలి, సంతకం రానివాళ్లు వేలిముద్ర వేయవచ్చు. ఏం కోరుతున్నారో చివర్లో స్పష్టంగా రాయాలి. ఉత్తరాలు, అఫిడవిట్లు జత చేయకూడదు. మనవాళ్లు కేసు కాగితాలన్నీ కుట్టి పంపుతారు, అక్కడే ఆగిపోతుంది. సభలో ప్రవేశపెట్టించాలంటే ఎంపీ సంతకం ఉండాలి. కోర్టులోనో, అసెంబ్లీలోనో, మామూలు చట్టంతోనో తేలే విషయాన్ని తీసుకోరు. అందుకే ‘ఫలానా ఏజెంటును అరెస్టు చేయండి’ అని కాక, ‘30 ఏళ్ల నిబంధన అమలు తీరును సమీక్షించండి’ లాంటి కోరిక ఉండాలి. అమలాపురం నుంచి గెలిచిన జి.ఎం.సి. బాలయోగి 1998లో లోక్‌సభ స్పీకర్ అయ్యారు. ఆ కుర్చీకి మనిషిని పంపిన కోనసీమ నుంచి ఇలాంటి అర్జీ పద్ధతిగా వెళ్లడం సమంజసం.

ఏజెంటు మీద కేసు

ప్రశ్న ఢిల్లీలో నడుస్తుంటే కేసు ఇక్కడ నడవాలి. ఎమిగ్రేషన్ చట్టం కింద నేరాన్ని విచారించాలంటే కేంద్రం ముందస్తు అనుమతి కావాలని పోలీసులు కేసును పక్కన పెడతారు. అది సగం నిజం. 27వ సెక్షన్‌లోనే మినహాయింపు ఉంది: వలస వెళ్లిన మనిషి గానీ, ఆమె తరఫున తల్లి, తండ్రి, భర్త, కొడుకు, కూతురు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, సంరక్షకులు గానీ ఫిర్యాదు చేస్తే ఆ అనుమతి అక్కర్లేదు. అందుకే ఫిర్యాదు సర్పంచ్ పేరు మీదో సంఘం పేరు మీదో కాక, తల్లి పేరు మీదో భర్త పేరు మీదో ఉండాలి. సెక్షన్ కాపీ తీసి స్టేషన్‌కు పట్టుకెళ్లండి. ఈ చట్టంలో శిక్ష రెండేళ్ల దాకా జైలు, 2,000 రూపాయల దాకా జరిమానా. లక్షలు వసూలు చేసేవాడికి ఆ జరిమానా ఒక లెక్క కాదు. కాబట్టి భారతీయ న్యాయ సంహితలో మోసానికి 318, మనుషుల అక్రమ రవాణాకు 143 సెక్షన్లు వర్తిస్తే అవి కూడా పెట్టమని రాతపూర్వకంగా అడగండి. మా పరిధి కాదంటే, పరిధితో పని లేకుండా నమోదు చేసే జీరో ఎఫ్‌ఐఆర్ కట్టమనండి.

ఆమె తిరిగి వచ్చే రోజు ఖరారయ్యాక జీతం బాకీ సంగతి చూడాలి. విమానం ఎక్కేశాక అక్కడి కోర్టులో ఆమె తరఫున నిలబడేవాళ్లు ఉండరు. బయలుదేరే ముందే ఎంబసీలో పవర్ ఆఫ్ అటార్నీ రాసి అటెస్ట్ చేయించమని చెప్పండి. కువైట్ 2015 నాటి 68వ నంబరు చట్టం ప్రకారం ఇంటిపనివాళ్లకు రోజుకు 12 గంటలకు మించి పని చెప్పకూడదు, వారానికి ఒక రోజు సెలవు ఇవ్వాలి, పని ముగిశాక ఏడాదికి ఒక నెల జీతం చొప్పున సర్వీసు డబ్బు కట్టాలి. ఈ సర్వీసు డబ్బు ఒకటుందని మనవాళ్లలో చాలామందికి తెలియదు. ఎంబసీ వాళ్లు ‘బాకీ ఏమైనా ఉందా’ అని అడిగినప్పుడు లేదని సంతకం పెట్టి వచ్చేస్తారు. ఆ సంతకం పెట్టకముందే ఫోన్‌లో చెప్పాలి. బాకీ చేతికందేదాకా మదద్ ఫిర్యాదును మూసేయడానికి ఒప్పుకోకండి.